మచ్చల లెక్క కాదు, మచ్చ పుట్టిన చోటు కావాలి: ఎల్‌సీడీ ప్యానెళ్లలో రిజెక్షన్ తగ్గించడంపై ఒక సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఆంధ్రలోని ఒక టీవీ ప్యానెల్ యూనిట్లో మీరు కొత్తగా క్వాలిటీ విభాగంలో చేరారు. గ్లాసు విదేశం నుంచి వస్తుంది, సీఓఎఫ్ (తెరకు సంకేతాలిచ్చే చిప్పు ఉన్న సన్నని ఫిల్ము) బాండింగూ బ్యాక్‌లైట్ అసెంబ్లీ మీ దగ్గరే జరుగుతాయి. వెలిగించి చూసేసరికి చుక్కలు, నిలువు గీతలు, మబ్బు పట్టినట్టు మచ్చలు కనబడుతున్నాయి. యాజమాన్యం చెకింగ్ మనుషులను రెట్టింపు చేసినా రిజెక్షన్ తగ్గకపోగా పెరిగింది. సరఫరాదారు తప్పు మీదంటాడు, మీరు అతనిదంటారు. పైగా 32 అంగుళాల లైన్ బాగానే నడుస్తుంటే 55 అంగుళాల లైన్‌కు ఏమొచ్చిందని మీ మేనేజరు రోజూ నిలదీస్తున్నారు.

నేను తొమ్మిదేళ్లు తైవాన్‌లో రెండు గ్లాసుల మధ్య ద్రవ స్ఫటికం నింపే ఒక సెల్ ప్లాంటులోను, ఆ తర్వాత పదకొండేళ్లు ఆ గ్లాసుకు చిప్పులూ బ్యాక్‌లైటూ బిగించే ఇక్కడి మాడ్యూల్ లైన్లలోను పనిచేశాను. నాకు తెలిసినంతలో చెకింగ్ మనుషులను పెంచితే లోపాలు తగ్గవు. అంతవరకూ దాటిపోతున్నవి దొరకడం మొదలవుతుంది. మీ దగ్గర జరిగినది అదే, అందులో కంగారు పడవలసినది లేదు. కంగారు పడవలసినది మీ రోజువారీ రిపోర్టు గురించి. ‘చుక్కలు 14, గీతలు 9, మచ్చలు 6’ అని రాసి ఉన్న రిపోర్టుతో ఎవరూ ఏమీ బాగుచేయలేరు. ఆ చుక్క గ్లాసులో ఉందా, షీట్ల మధ్య ఉందా, పైన ఉందా, ప్యానెల్‌లో ఏ మూలకు ఎంత దూరంలో ఉంది, ఏ షిఫ్టులో పుట్టింది అన్నవి రాసి ఉంటేనే అది పనికొచ్చే కాగితం.

ముందు మేనేజరుగారి ప్రశ్న తేల్చేద్దాం, ఎందుకంటే దానికి జవాబు చెప్పనిదే ఆయన మిమ్మల్ని పని చేసుకోనివ్వరు. 8.5 తరం (మూల గ్లాసు కొలతను బట్టి పెట్టిన పేరు) ఫ్యాక్టరీలో మూల గ్లాసు 2200 మి.మీ. వెడల్పు, 2500 మి.మీ. పొడవు ఉంటుంది. దాని నుంచి 32 అంగుళాలవి 18 కోయవచ్చు, లేదా 55 అంగుళాలవి 6 కోయవచ్చు. ఒక్కో మూల గ్లాసు మీద సగటున ఒక్క కణం ప్యానెల్‌ను పాడుచేసేటంత చెడ్డచోట పడుతుందనుకోండి. అవి ఎక్కడపడితే అక్కడ పడేవే అయితే 32 అంగుళాల ప్యానెళ్లలో దాదాపు 95 శాతం, 55 అంగుళాల ప్యానెళ్లలో సుమారు 85 శాతం మంచివి వస్తాయి. ధూళి అంతే, మనుషులు వాళ్లే, తేడా విస్తీర్ణానిది. మీ మాడ్యూల్ లైన్‌కూ ఇదే వర్తిస్తుంది. పెద్ద షీటు మీద ధూళి పడే చోటు ఎక్కువ. కాబట్టి రెండు లైన్లనూ ప్యానెల్‌కు ఇన్ని లోపాలని కాకుండా చదరపు మీటరుకు ఇన్ని లోపాలని పోల్చి చూపించండి. అలా పోల్చిన తరువాత కూడా 55 వెనుకబడి ఉంటేనే ఆ లైన్‌లో వేరే జబ్బు ఉన్నట్టు.

ఇక చుక్కల సంగతి. దీనికి కావలసినది పది రెట్లు పెద్దదిగా చూపే ఒక చేతి భూతద్దం. ప్యానెల్ మీద తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసగా వేసి చుక్క దగ్గర భూతద్దం పెట్టండి. చుక్క సరిగ్గా ఒక సబ్‌పిక్సెల్ (పిక్సెల్‌లో ఒక్క రంగు గడి) దీర్ఘచతురస్రం గీతల మధ్య ఇమిడి, అంచులు కోసినట్టు ఉంటే అది గ్లాసు లోపలిది, అంటే మీకు రాకముందే పుట్టింది, లేదా స్థిరవిద్యుత్తు వల్ల మీ దగ్గర చచ్చింది. పిక్సెల్ గీతలను పట్టించుకోకుండా అంచులు అలుక్కుపోయి రెండు మూడు పిక్సెళ్ల మీదుగా పరుచుకుని ఉంటే అది బ్యాక్‌లైట్ షీట్ల మధ్య పడిన నలుసు. తల కాస్త అటూ ఇటూ కదిపినప్పుడు మచ్చ పిక్సెళ్ల మీద జరుగుతున్నట్టు కనిపిస్తే అది పిక్సెళ్ల పొరలో లేదు, వెనుక షీటులోనో ముందరి పోలరైజర్ (కాంతిని ఒకే దిశలో వడకట్టే ఫిల్ము) మీదో ఉంది. ఈ మూడింటినీ ‘డాట్’ అన్న ఒకే గడిలో రాయించడం మన లైన్లలో నేను చూసిన అతి పెద్ద పొరపాటు. మూడింటికీ మందు వేరు, బాధ్యుడు వేరు. ఒక యూనిట్లో ఈ పరీక్ష మొదలుపెట్టిన వారానికే, అంతకాలం సరఫరాదారు మీద రాసిన చుక్కల్లో సగానికి పైగా తమ సొంత డిఫ్యూజర్ (వెలుగును సమంగా పరిచే) షీట్ల కింద దొరికాయి. సరఫరాదారుకు రాసిన ఫిర్యాదు ఉత్తరాలన్నీ వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

నిలువు గీతలకు వేరే లెక్క ఉంది. 4కే ప్యానెల్‌లో అడ్డంగా 3840 పిక్సెళ్లు, ఒక్కోదానికి మూడు రంగులు, మొత్తం 11,520 నిలువు తీగలు. వాటికి సంకేతం ఇచ్చే సీఓఎఫ్‌లు, ఒక్కోటి 960 తీగలవి అయితే, 12 ఉంటాయి. గీత పై అంచు నుంచి కింది అంచు దాకా నిండుగా ఉంటే ముందు బాండింగును అనుమానించండి. సీఓఎఫ్ మీద వేలితో మెత్తగా నొక్కినప్పుడు గీత పోయి వదిలినప్పుడు తిరిగి వస్తే ఇక అనుమానం కూడా అక్కరలేదు. గీత తెర మధ్యలో ఎక్కడో మొదలై సీఓఎఫ్‌కు దూరంగా ఉన్న అంచు దాకా పోతే తీగ గ్లాసు లోపలే తెగింది, అది మీ తప్పు కాదు. ఒక పట్టీ మొత్తం చచ్చిపోతే ఆ సీఓఎఫ్‌నో దాని ఐసీనో చూడాలి. అడ్డగీతల విషయంలో మాత్రం జాగ్రత్త. ఇప్పటి టీవీ ప్యానెళ్లలో చాలావాటికి గేట్ వైపు (అడ్డ తీగలకు సంకేతమిచ్చే వైపు) విడి ఐసీలు ఉండవు, ఆ సర్క్యూటును గ్లాసు మీదనే వేస్తారు. అందువల్ల అడ్డగీత వచ్చినప్పుడు బాండింగ్ ఆపరేటరును తిట్టి లాభం ఉండదు.

బాండింగులో చూడవలసినది గ్లాసు వెనుక నుంచి మైక్రోస్కోపులో కనిపించే ముద్రలు. సీఓఎఫ్‌ను గ్లాసుకు అతికించే ఏసీఎఫ్ జిగురు పట్టీలో మూడు నాలుగు మైక్రాన్ల వాహక కణాలు ఉంటాయి, వేడీ ఒత్తిడీ సరిగ్గా తగిలితే అవి చితికి లోహపు పొర మీద గుంటలు వేస్తాయి. పలుచని గుడ్డ కింద ఆవాలు పరిచి వేలితో అదిమితే పైకి ఎలా తెలుస్తాయో, మంచి బాండు అలా కనిపిస్తుంది. ముద్రలు మసకగా ఉంటే ఒత్తిడి చాలలేదని అర్థం. నాకు ఒక లైన్‌లో ఎదురైన కేసు చెబుతాను. గీతలన్నీ ఏడు, ఎనిమిది నంబర్ల సీఓఎఫ్‌ల దగ్గరే, అదీ రెండో షిఫ్టు చివరి రెండు గంటల్లోనే వచ్చేవి. యంత్రం చూపించే ఉష్ణోగ్రత, ఒత్తిడి, సమయం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తీరా చూస్తే వేడి పట్టీకీ సీఓఎఫ్‌కూ మధ్య వేసే కుషన్ షీటును ఇన్ని షాట్లకొకసారి జరపాలని నియమం ఉండగా, రోలు త్వరగా అయిపోతోందని స్టోర్సువాళ్లు గొణుగుతున్నందుకు ఆపరేటరు ఆ సంఖ్యను తానే పెంచుకున్నాడు. షిఫ్టు చివరికి ఆ చోట షీటు గుంటపడి ఒత్తిడి తగిలేది కాదు. అతడిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. పొదుపు చేయమన్నది మనమే. అప్పటి నుంచి నేను యంత్రం తెర మీది ఉష్ణోగ్రతను నమ్మడం మానేసి, సన్నని థర్మోకపుల్‌ను ఏసీఎఫ్ ఉండే చోటనే పెట్టి వారానికొకసారి కొలిపిస్తున్నాను. ఇంకొక మాట: ఏసీఎఫ్ రీలును ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే సంచి విప్పకూడదు. గది వేడికి వచ్చేదాకా ఆగకపోతే చల్లని సీసా మీద పట్టినట్టు దానికి చెమ్మ పడుతుంది, ఆ బాండు కొన్నాళ్లకు వదులుతుంది.

ఇప్పుడు అసలు పనిముట్టు చెబుతాను. ప్యానెల్ ఆకారంలో చిన్న స్కేలుకు ఒక పటం గీసి, ఒక వారం పాటు వచ్చిన ప్రతి లోపాన్నీ దాని స్థానంలో చుక్క పెట్టండి. ఎక్సెల్‌లో వేసినా సరే, ట్రేసింగ్ పేపరు మీద వేసినా సరే. నేను ఇప్పటికీ పేపరే వాడతాను, దాన్ని లైన్‌లో గోడకు అంటిస్తే ఆపరేటర్లే వచ్చి చూస్తారు. రెండు వందల ప్యానెళ్లు అయ్యేసరికి ఆ పటం మాట్లాడడం మొదలుపెడుతుంది. చుక్కలు అంతటా చెదిరి ఉంటే అది గాలిలోని ధూళి. ఒక మూల గుంపుగా ఉంటే అక్కడ ఎవరి చెయ్యో, ట్రే అంచో తగులుతోంది. ప్రతి ప్యానెల్‌లోనూ ఒకే బిందువు దగ్గర ఉంటే ఏదో ఫిక్స్చరు పొడుచుకొస్తోంది. గ్లాసు ఫ్యాక్టరీలో అయితే ఇలా ఒకే చోట తిరిగి రావడం ఫోటోమాస్కు (సర్క్యూటు నమూనా ముద్రించే అచ్చు) మీద ధూళి పడిందనడానికి మొదటి గుర్తు. ఒకసారి పోలరైజర్ అతికించే లైన్‌లో బొబ్బలు ఒక వరుసలో వచ్చాయి. స్కేలు పెట్టి కొలిస్తే రెండు బొబ్బల మధ్య దూరం 157 మి.మీ. ఉంది. ఆ లైన్‌లో 50 మి.మీ. వ్యాసం గల రోలరు ఒక్కటే ఉంది, దాని చుట్టుకొలత 157. రోలరు విప్పి చూస్తే గట్టిపడిన జిగురు బొట్టు ఒకటి కందిబద్దంత అంటుకుని ఉంది. మూడు వారాలుగా పది మంది మనుషులు వెదికిన దోషం స్కేలుతో పది నిమిషాల్లో తేలింది.

ధూళి విషయంలో క్లీన్ రూమ్ తరగతి గురించి అందరూ మాట్లాడతారు. ఐఎస్ఓ 14644 ప్రకారం 5వ తరగతి గదిలో ఘనమీటరు గాలికి అర మైక్రాన్, అంతకన్నా పెద్ద కణాలు 3,520 మించకూడదు, 6వ తరగతిలో 35,200, 7వ తరగతిలో 3,52,000. గోడకు వేలాడే సర్టిఫికెట్ ఖాళీ గదికి ఇచ్చినదా, పని జరుగుతున్న గదికి ఇచ్చినదా అని ముందు చూడండి. కణాలు లెక్కపెట్టే కౌంటరును గాలి ఫిల్టరు కింద కాకుండా షీట్లు పేర్చే బల్ల ఎత్తులో, షిఫ్టు మంచి ఊపులో ఉన్నప్పుడు పెట్టండి. అంకె చూసి మీకే ఆశ్చర్యం కలుగుతుంది. షీట్ల మధ్య దొరికిన నలుసులను టేపుతో ఎత్తి మైక్రోస్కోపు కింద చూస్తే వాటి ఊరు తెలుస్తుంది. గోధుమరంగు పీచు అయితే అట్టపెట్టెలు లోపలి దాకా వస్తున్నాయి, తెల్లని నూలుపోగు అయితే ఎవరో మామూలు గుడ్డతో తుడుస్తున్నారు, పారదర్శకమైన పెచ్చు అయితే షీటు కోసిన అంచు రాలుతోంది. అట్టపెట్టెను గాలితలుపుకు ఇవతలే ఆపడం అన్న ఒక్క పని ఎన్ని చోట్ల ఎంత ఫలితమిచ్చిందో చెబితే అతిశయోక్తి అనుకుంటారు.

మన దగ్గర మాత్రమే వచ్చే సంగతులు రెండు ఉన్నాయి. ముఖానికి రాసుకునే పౌడరు, విభూతి, పసుపు సన్నని పొడులు, ముసుగు సందుల్లోంచి రాలుతాయి. ఒక సూపర్‌వైజరు ఈ విషయమై ఆడపిల్లలను గేటు దగ్గర నిలబెట్టి మందలించాడు, ఫలితంగా మరునాడు పది మంది పనికి రాలేదు. తరువాత మేము ఆ నలుసును మైక్రోస్కోపు కింద పెట్టి, ‘చూడమ్మా, ఇది ఈ ప్యానెల్‌లో దొరికింది’ అని వాళ్లకే చూపించాం, ఆ తరువాత మళ్లీ చెప్పవలసిన అవసరం రాలేదు. రెండోది ఆయుధ పూజ. యంత్రాలకు పూజ చేయవద్దని నేను అనను, నేనూ చేస్తాను. అయితే కర్పూరం మసి, అగరొత్తి పొగ బల్ల మీదికి చేరాక గది మామూలు స్థితికి రావడానికి ఎంతసేపు పడుతుందో ఒకసారి కౌంటరు పెట్టి చూశాక, పూజ ఎయిర్‌లాక్ బయట, యంత్రం ఫోటోకు చేయడం అలవాటు చేసుకున్నాం.

స్థిరవిద్యుత్తు గురించి కాస్త విస్తారంగా రాయాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ చూడరు. పోలరైజర్ మీది రక్షక ఫిల్మును ‘చర్ర్’మని ఒక్క గుంజు గుంజితే ఆ తెర మీద వేల వోల్టుల ఆవేశం నిలుస్తుంది. అది ఒకవైపు గాలిలోని ధూళిని అయస్కాంతంలా లాక్కుంటుంది, మరోవైపు గ్లాసు మీది సన్నని ఇన్సులేటరు పొరను గుచ్చి సబ్‌పిక్సెల్‌నో గేట్ సర్క్యూటునో చంపుతుంది. కొన్ని వెంటనే చావవు. సెట్టును చాలాసేపు వెలిగించి ఉంచే ఏజింగులోనో, కొన్నవాళ్ల ఇంట్లో మూడో నెలలోనో బయటపడతాయి. ఫిల్మును నిదానంగా, ఆవేశాన్ని చల్లార్చే అయనైజరు గాలి సరిగ్గా విడిపోయే గీత మీద పడేలా పీకాలి. ఇక్కడ చిక్కంతా టార్గెట్‌తో వస్తుంది: గంటకు ఇన్ని ప్యానెళ్లని ఒత్తిడి చేసినప్పుడు ఆపరేటరు మొదట కుదించుకునేది ఈ నాలుగు సెకన్లనే. అయనైజరు లైటు వెలుగుతోంది కదా అని ఊరుకోకండి. చార్జ్ ప్లేట్ మానిటరు పెట్టి 1000 వోల్టులు 100కు దిగడానికి ఎంతసేపు పడుతోందో నెలకొకసారైనా కొలవండి. దాని సూదుల మొనల మీద తెల్లని బూజులాంటిది పెరుగుతుంది, అది తుడవకపోతే ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, పని మాత్రం జరగదు. ఒంటి మీది ఆవేశాన్ని నేలకు పంపే మణికట్టు పట్టీలు షిఫ్టు మొదట్లో పరీక్షించడం మీకు తెలిసే ఉంటుంది.

మబ్బు మచ్చలను ఈ పరిశ్రమలో ‘ముర’ అంటారు, అది ఎగుడుదిగుడు అన్న అర్థం గల జపనీస్ మాట. మన మూరెడు పొడవుకూ దానికీ సంబంధం లేదని ప్రతి కొత్త బ్యాచికీ నవ్వులు ఆగాక చెప్పవలసి వస్తుంది. వీటిలో కింది అంచు దగ్గర అర్ధచంద్రాకారంగా కనిపించి, సెట్టు వేడెక్కిన కొద్దీ ముదిరే రకం ఒకటి ఉంది. దాని పుట్టుక గ్లాసు ఫ్యాక్టరీలో, నేను తొమ్మిదేళ్లు గడిపిన చోట. 55 అంగుళాల తెరలో రెండు గ్లాసుల మధ్య ఖాళీ సుమారు 3.3 మైక్రాన్లు అనుకుంటే, లోపల పట్టే ద్రవ స్ఫటికం మొత్తం 2.7 మిల్లీలీటర్లు. అంత పెద్ద టీవీలో ఉన్నది టీ చెంచాకు సగం. ఒక గ్లాసు మీద బొట్లుగా వేసి, శూన్యంలో రెండో గ్లాసు మూసి, చుట్టూ సీలు గట్టిపరుస్తారు. రెండు గ్లాసులను దూరంగా నిలబెట్టే సన్నని స్తంభాల ఎత్తు 0.1 మైక్రాన్ మారితే పట్టే ద్రవం 3 శాతం మారిపోతుంది. బొట్లు ఎక్కువైతే వేడికి వ్యాకోచించిన ద్రవం కిందికి జారి పొట్ట కట్టినట్టు నిలుస్తుంది. తక్కువైతే చలికి లోపల శూన్యపు బుడగ పడుతుంది. అందుకని మంచి ప్లాంట్లలో స్తంభాల ఎత్తును ముందుగా కొలిచి దానికి తగ్గట్టు బొట్ల బరువు సవరిస్తారు. మేము ఆ కొలతను రోజుకొకసారి నుంచి ప్రతి లాటుకూ మార్చాక ఈ రకం ముర మా దగ్గర అరుదైపోయింది. మీరు చేయవలసినది, అనుమానం ఉన్న ప్యానెల్‌ను నిలువుగా నిలబెట్టి 50 డిగ్రీల చాంబరులో కొన్ని గంటలు ఉంచి, ముదురు బూడిద రంగు వేసి ఫోటో తీయడం. ముదిరితే ఆ ఫోటో సరఫరాదారుకు పంపండి, ఇక వాదన ఉండదు.

నాలుగు మూలల్లో నల్లతెర మీద తెల్లగా వెలుగు కారుతుంటే మాత్రం దాదాపు ఎప్పుడూ తప్పు మనదే. ఒక్కో గ్లాసు అర మిల్లీమీటరు మందం. ఫ్రేము మెలిపడితే గ్లాసు మెలిపడుతుంది, మెలిపడిన గ్లాసు కాంతి ధ్రువణాన్ని తిప్పుతుంది. స్క్రూలను ఒకే వరుసలో చుట్టూ బిగించకుండా ఎదురెదురు మూలలుగా, టార్క్ డ్రైవరుతో బిగించండి. ఒక మూల స్క్రూను కొద్దిగా వదులు చేసి వెలుగు తగ్గుతుందేమో చూడడమే దీనికి పరీక్ష.

చివరికి మళ్లీ మీ చెకింగ్ మనుషుల దగ్గరికి వస్తాను. ముప్పై ప్యానెళ్లు, మంచివీ చెడ్డవీ మీకు ముందే తెలిసినవి, కలగాపులగంగా పెట్టి ప్రతి మనిషి చేతా రెండుసార్లు చూపించండి. ఒకే మనిషి పొద్దున మంచిదన్నదాన్ని సాయంత్రం చెడ్డదంటే అతని సంతకం ఉన్న రిపోర్టు మీద మీరు ఏ నిర్ణయమూ తీసుకోలేరు. ముర విషయంలో ఈ గొడవ మరీ ఎక్కువ, అందుకే ఎన్‌డీ ఫిల్టరు (వెలుగును మసకబరిచే) కార్డు అడ్డుపెట్టి, అందులోంచి కూడా కనిపిస్తే రిజెక్టు అన్న పద్ధతి వాడతారు. ఆ ఫిల్టరు ఎంత శాతానిదో, గదిలో వెలుతురు ఎంతో, ఎంత దూరం నుంచి చూడాలో సరఫరాదారుతో కలిసి కాగితం మీద రాసుకుని, హద్దు నమూనాలు రెండేసి చేసి ఒకటి వాళ్ల దగ్గర, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. చుక్కలకు ఐఎస్ఓ 9241-307లో తరగతులు ఉన్నాయి, ఒప్పందంలో ఏ తరగతో రాయండి. అంతవరకూ ‘మీ తప్పు, మా తప్పు’ అన్న ఉత్తరాల వల్ల కొరియర్‌వాడికి తప్ప ఎవరికీ లాభం లేదు.

మీ లైన్‌లో ఇరవై స్టేషన్లు ఉండి ఒక్కొక్కటీ 99.5 శాతం బాగా పనిచేసినా చివరికి 90.5 శాతమే మంచివి వస్తాయని కూడా యాజమాన్యానికి లెక్క కట్టి చూపించండి, అప్పుడు ఏ ఒక్క స్టేషన్‌నో దోషిని చేసే మాట తగ్గుతుంది. అదనంగా తీసుకున్న మనుషులను తీసేయమని అడగకండి. వాళ్లలో ఇద్దరికి భూతద్దాలూ పటమూ ఇవ్వండి, ఒకరిని ఫిల్ము పీకే బల్ల దగ్గర, ఒకరిని షీట్లు పేర్చే బల్ల దగ్గర పెట్టండి. ఒక వారం పటం అయ్యాక గీతలు ఇంకా మిగిలి ఉంటే, ఏ సీఓఎఫ్ దగ్గరో నంబరు వేసి, ఏసీఎఫ్ ముద్రల ఫోటో గ్లాసు వైపు నుంచి తీసినది పెట్టండి, చూసి చెబుతాను.